ఇంచుమించు

ఇనుమును రాయుట కూడ ఒక విద్యయేనా యని నేను మా మేనల్లుని అడిగిన సాయంకాలమున నాకు 52వ యేడు నడచుచుండెను. ఆ ప్రశ్న అడుగక, కాళ్లు కడుగుకొని లోపలికి పోయి, పెట్టిన నాలుగు మెతుకులు తిని పరుండియుంటినేని, నా కుడి అరచేతిలో ఈనాటికిని కనబడుచున్న మూడు కాయలును, మా పెరటి ప్రహరీగోడకు అబ్బిన వినయమును, భీమడోలు బజారులోని కిరాణా వర్తకులకు నాపై పుట్టిన అకారణ వాత్సల్యమును ఉండియుండెడివి కావు. అయినను, ముప్పదియేండ్లు పిల్లలచేత సంధులు విడదీయించి పొట్టపోసికొన్నవానికి, ఎదుటివాడు చేయు పనిలో ఏమున్నదిలే యను ధైర్యము వృత్తిధర్మముగా సంక్రమించియుండును గదా!

అప్పటికి నయాపైసలు వచ్చి నాలుగైదేండ్లయ్యెను. 1957 ఏప్రిలు మొదటి తేదీని రూపాయికి పదునారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. అంతకు ముందటి యేడు చేసిన చట్టము ననుసరించి వీశెలు పోయి కిలోలును, గజములు పోయి మీటర్లును వచ్చుచున్నవి. దేశమంతట కర్మాగారములు లేచుచున్నవనియు, వానికి కలముపట్టినవారికంటె సుత్తిపట్టినవారి యక్కర యెక్కువ యనియు గ్రహించి, ప్రభుత్వమువారు 1950 నుండియే చేతిపనుల శిక్షణకు ఒక పథకము నడపుచుండిరి. అట్టి శిక్షణాలయమొకదానిలో ఫిట్టరుపని నేర్చుకొనుటకై మా చెల్లెలి కొడుకు మాయింట దిగి, ప్రొద్దుట పాసింజరు బండిలో ఏలూరు పోయి, దీపాలవేళకు తల వెండ్రుకలనిండ ఇనుపరజనుతో తిరిగివచ్చుచుండెను.

ఆనాడు వానికి సెలవు కాబోలు, నేను బడినుండి వచ్చుసరికి వీధియరుగుమీద ఒక చింతమొద్దునకు వైసు బిగించి, దాని దవడల నడుమ ఒక ఇనుపదిమ్మ నిరికించి, చెమటలు క్రక్కుచు దానితో పోరాడుచుండెను.

“ఏమిట్రా అది?”

“జాబు, మామయ్యా.”

జాబనగా నేనెరిగినది తపాలాబంట్రోతు తెచ్చునది. మా చెల్లెలు కలలు కనునది, నెల తిరుగుసరికి జీతము తెచ్చునది. వాడు చూపినదో, తెచ్చుట యెట్టిదో ఎరుగక దవడల నడుమ కదలక మెదలక కూర్చున్న ఇనుము. కర్మశాలలలో చేతిలోని పనిముక్కను జాబందురని అప్పుడు తెలిసెను. దానిని ఆరు వైపుల చదునుచేసి, మూలలు తీర్చి, ప్రతి యంచును సరిగా 2 అంగుళములుండు ఘనముగా తేల్చవలెనట. ఎందులకని అడిగితిని. ఎందులకును కాదట, చేయుట వచ్చుటకట. చేసినపిమ్మట పంతులుగారు దానిని కొలిచి, మార్కులు వేసి, మూలనున్న పెట్టెలో పడవేయుదురట. నిష్కామకర్మను గూర్చి నేను ఎన్ని సభలలోనో ఉపన్యసించినవాడనే కాని, అది ఆరు ముఖములతో రెండంగుళముల పరిమాణమున ఉండునని మాత్రము అంతవరకు ఎరుగను.

అప్పుడు నేను పైని చెప్పిన ప్రశ్న అడిగితిని. వాడు మారుపలుకక ఆకురాయి నా చేతికిచ్చెను. మేనల్లుండ్రు మామలను ఇట్లే చెరుపుదురు.

ఆకురాయి యను మాటను నేను పిల్లలకు ఎన్నిమారులో చెప్పియుంటిని. ఆకునుగాక, రాయియుగాక, వేలకొలది సన్నని పండ్లు గల ఉక్కుబద్ద యది. దానితో చేయు పని రాయుట. నేనంతవరకు చేసిన పని వ్రాయుట. రెంటికిని నడుమ ఒక వకారమును ఒక క్రావడియు మాత్రమే భేదము గదా, వ్రాయగలవాడు రాయలేకపోవునా యని పై ఉత్తరీయము దండెమున వేసి, మొద్దు ముందు నిలువబడితిని. ఇంతలో మావాడు, “మామయ్యా, అది వద్దు, నున్నది. ఆ పన్నెండంగుళాల బాస్టర్డు అందుకో,” అనెను. లోపల పప్పు కలియబెట్టుచున్న మా యింటామె గరిటెతో సహా వీధిలోనికి వచ్చినది. పెద్దవారి యెదుట అట్టి మాట లేమిటని వానిని కేకలువేసి, నావైపు తిరిగి, మీరెట్లు విని ఊరుకొంటిరని నన్నును అడిగినది. ముతకదానికిని, నునుపైనదానికిని నడుమనుండు తరగతి ఆకురాయికి ఇంగ్లీషు కమ్మరులు పెట్టిన పేరది యనియు, నూరేండ్లకు పైబడి లోకమంతయు దాని నట్లే పిలుచుచున్నదనియు, అందులో ఎవరి పుట్టుకను గూర్చిన ప్రసక్తియు లేదనియు నచ్చజెప్పుసరికి పప్పు అడుగంటెను. ఆమె మాత్రము నాటినుండి దానిని “ఆ పేరు చెప్పగూడని ఆకురాయి” యనియే వ్యవహరించుచుండెను.

ఇక రాయుట. ఆకురాయి ముందుకు పోవునపుడే కోయును. వెనుకకు వచ్చునపుడు ఊరక పండ్లరుగును. కావున తెచ్చుకొనునపుడు దానిని తేల్చి తేవలెను. ఎడమకాలు ముందుంచి, మోచేయి వైసు ఎత్తునకు సరిపడ నిలువవలెను. ఇంతవరకు పురాణశ్రవణమువలె సుఖముగానే యున్నది. చిక్కంతయు చేతుల బరువులోనున్నది. పోటు మొదలిడునపుడు ఆకురాయి కొనను పట్టిన ఎడమచేతి బరువు ఎక్కువగాను, నడుమకు వచ్చుసరికి రెండుచేతుల బరువు సమముగాను, చివరకు పిడిని పట్టిన కుడిచేతి బరువు ఎక్కువగాను ఉండవలెను. ఈ మార్పు జరుగకున్నచో ఆకురాయి పిల్లలెక్కు ఉయ్యాలబల్లవలె ముందువెనుకలకు ఊగును. ఊగినకొలది అంచులు అరుగును. అంచులు అరిగినకొలది నడుము పొంగును. అరగంట రాసి, చదును వచ్చినదని నిశ్చయించుకొని, మూలమట్టము ఆనించి దీపమునకెదురుగా పట్టి చూచితిమి. నడుమ ఒక్కచోట ఆనుచున్నది. రెండువైపులను వెలుతురు ధారాళముగా వచ్చుచున్నది. తాబేటి వీపునకు అంతకంటె చక్కని నమూనా దొరకదు.

“పొట్ట పెట్టింది, మామయ్యా,” అని మావాడు మిక్కిలి గౌరవముతో చెప్పెను.

పట్టుదలయను దుర్గుణము మా వంశమున నున్నది. మరునాడు బడి విడువగానే, ఆ దిమ్మను ఉత్తరీయపు కొంగున మూటగట్టి, వైసు మాకు ఎరువిచ్చిన మేస్త్రీగారి కొట్టునకు పోయితిని. ఆ కొట్టు కాలువవైపున, ట్రంకురోడ్డుకు చేరువనే యుండెడిది. ఒక మూల ఆయిలింజను; కప్పుక్రింద పొడవునను తిరుగు ఇరుసు; దానినుండి తోలుపటకాలతో నడచు లేతుమిషను ఒకటి, బెజ్జాలు వేయుమర ఒకటి. మాకు ప్రక్కనున్నది వరి పండించు డెల్టాయును, కొల్లేరును గనుక, అక్కడికి వచ్చు రోగులెల్లరు నీటికిని బియ్యమునకును సంబంధించినవారే: మిల్లు ఇరుసులు, పంపుల పళ్లచక్రములు, చెరకు గానుగ రోళ్లు, ఎడ్లబండి చీలలు. కొల్లేటి లంకనుండి ఒక రైతు విరిగిన పంపు ఇరుసును తాటిదోనెలో వేసికొని, చంటిపిల్లవానిని ఆసుపత్రికి తెచ్చినట్లు, తడిగోనె కప్పి తెచ్చుట నేను కన్నులార చూచితిని. చిన్నతిరుపతి కొండకు పోవుచు మాయూరిలో బండి చెడిన యాత్రికులు మొక్కుబడికి ముందు ఒక గంట అక్కడ కూర్చుండుట పరిపాటి. మాయూరి పేరులో డోలు ఎందుకు చేరెనో స్థలపురాణజ్ఞులు చెప్పుదురు గాని, ఆ కొట్టులో దాగలిపై సమ్మెట పడునపుడు విన్నవానికి వేరొక వ్యుత్పత్తి అక్కరలేదు.

మేస్త్రీగారు నా దిమ్మను చూచి, నా రాతను చూచి, ఒక నిట్టూర్పు విడిచి, “మాష్టారూ, మీరు దాన్ని రాయట్లేదండి, జోకొడతన్నారండి,” అనిరి.

అట్లు నా శుశ్రూష మొదలయ్యెను. ఆయన నాకు మొదట నేర్పినది ఇనుము కాదు, కొలత. మా వడ్రంగులకు అంగుళమునకు ఎనిమిది నూళ్లు. నూలు కంటె చిన్నది వారికి అక్కరలేదు, నాకు అంతకును అక్కరలేదు. మేస్త్రీగారి లోకములో అంగుళమునకు వేయి థౌలు. అంగుళములో వేయవవంతు ఎవరికి కనబడును, ఎవరికి కావలెనని నేను నవ్వితిని. ఆయన నన్ను దగ్గరకు పిలిచి, నాకు తెలియకుండ పిలకనుండి ఒక వెండ్రుక పెరికి, మైక్రోమీటరు నడుమ పెట్టి, మర మెల్లగా త్రిప్పి, “రెండున్నర థౌలండి. తెల్లదే తీశానండి, నల్లవి కరువుగా ఉన్నాయి,” అని చూపిరి. ఆ సాధనమునందలి మర అంగుళమునకు 40 చుట్లది, ఒక చుట్టు త్రిప్పిన 25 థౌలు జరుగును, ఆ చుట్టు చుట్టును 25 గీతలు, గీతకొక థౌ. కంటికి కనబడని దానిని చూచుటకు భూతద్దము కాక మరమేకు చాలునని అంతవరకు నాకు తోచలేదు. ముప్పదియేండ్లుగా నేను ‘కించిత్తు’, ‘లేశము’, ‘ఈషత్తు’ అనుచు పిల్లలకు చెప్పిన అర్థములన్నియు ఎంతలేసి స్థూలములో కదా యని ఆ రాత్రి నిదుర పట్టలేదు.

“ఇంచుమించు సరిపోయినదండీ,” అని నేను మొదటి ముఖమును చూపినపుడు మేస్త్రీగారు తలయెత్తి, “అదేనండీ మన తెలుగులో చిక్కు. ఇంచు మించినా ఫరవాలేదంటుందండి,” అనిరి. నేను వెంటనే పండితుడనై, ఆ ఇంచు ఇంగ్లీషువారి ఇంచు కాదనియు, ‘ఇంచుక’ యను అచ్చతెలుగు మాటలోని ఇంచనియు, కొంచెము హెచ్చుతగ్గని భావమనియు, నిఘంటుసమేతముగా వివరించితిని. ఆయన సాంతముగా విని, నా దిమ్మను మూలమట్టమున పెట్టి, వెలుతురునకు పట్టి, “మీ ముక్క మాత్రం ఇంగ్లీషుదే వాడిందండి,” అనిరి.

ఘనము చేయుటలోని విషాదము ఆరు ముఖములు చేయు వరకు అర్థము కాదు. మొదటి ముఖము చదునగును. దానికి లంబముగా రెండవది తీర్చుదుము, అది తీరుసరికి మొదటిదానిపై గీతలు పడియుండును, దానిని సవరించుదుము, సవరించుసరికి రెండవది వాలును. మూడవది మొదటి రెంటికిని సరిపడవలెను. నాల్గవది మొదటిదానికి సమాంతరముగా ఉండవలెను. ఐదవ ముఖము చేరుసరికి మొదటి ముఖమేదియో మరచిపోవుదుము. ఇట్లు ఒకదానికొరకు ఒకటి రాయగా రాయగా, రెండంగుళముల పైని ఒక నూలుతో ఇంట ప్రవేశించిన ఆ దిమ్మ, వేసవిలో కొల్లేరువలె నానాటికి అంచులు విడిచి లోపలికి పోవదొడగెను. సంక్రాంతికి అది సరిగా 2 అంగుళములుండి, మూల మాత్రము తప్పెను. శివరాత్రికి మూల వచ్చెను, కొలత పోయెను. ఉగాదికి మేస్త్రీగారు వెర్నియరు పెట్టి చూచి, అన్నివైపులను 1¾ అంగుళమనియు, చదునుకు తప్పుపట్టనక్కరలేదనియు నిర్ణయించిరి.

దానిని చేతబట్టుకొని బజారు వెంట వచ్చుచు, కిరాణాకొట్టు తక్కెడలో పెట్టించి తూచితిని. రెండంగుళముల ఉక్కు ఘనము కిలోకు ముప్పది గ్రాములు పైబడి యుండునని మావాడు లెక్క కట్టి చెప్పియుండెను; దానిని కొత్త కిలోరాయిగా వాడుకొందమని మా యింటామె ఆశపెట్టుకొని యుండెను. తక్కెడలో అది 690 గ్రాములు తూగెను. నేను సిగ్గుపడి తీసికొనబోగా, వర్తకుడు నా చేయిపట్టి, అటునిటు చూచి, గొంతు తగ్గించి, “ఎంతకిస్తారండీ, మాష్టారూ?” అనెను. నాకు మొదట అర్థము కాలేదు. “చూడ్డానికి కిలోలాగే ఉందండి. పైగా తమ చేతి పని. ఎవరనుమానిస్తారండి?” నేను వడివడిగా నడచి ఇల్లు చేరితిని. కాని వార్త నాకంటె ముందు నడచినది. వారము తిరుగకముందే మరి యిద్దరు వర్తకులు, ఒకరికి తెలియకుండ ఒకరు, మాయింటికి వచ్చి, పిల్లల చదువుల నడిగి, అరటిపండ్లు ఇచ్చి, అట్టివి ఇంకొక అరడజను చేసి పెట్టగలనా యని అడిగిరి. నా జీవితమున నా కృతికి ఇంత గిరాకి పలికినది ఈ ఒక్క పర్యాయమే. నేను అచ్చువేయించిన ఖండకావ్యము ప్రతులు ఈనాటికిని అటకమీద నున్నవి.

చదును చదునని అందరు అందురే, ఆ మొట్టమొదటి చదునైన పలకను దేనితో సరిచూచిరని ఒకనాడు మేస్త్రీగారిని అడిగితిని. ఆయన తాతగారు ధవళేశ్వరపు కర్మశాలలో పనిచేసి యుండుటచే ఈ కథ వారింట వంశపారంపర్యముగా వచ్చినదట. రెండు పలకలను ఒకదానిపై నొకటి రాసి సరిచేసినచో, రెండును చక్కగా ఆనును. కాని ఒకటి పొంగియు, ఒకటి గుంటపడియు ఉండవచ్చును. మూడవ పలకను తెచ్చి, ఒక్కొక్కదానిని తక్కిన రెంటితోను మార్చి మార్చి సరిచూచినచో, మూడును చదునైననే కాని మూడును ఆనవు. ఇంగ్లండులో విట్‌వర్త్ అను కర్మకారుడు 1840లో గ్లాస్గో నగరమున విద్వత్సభయెదుట ఈ యుపాయమును చదివెనట. మరుసటి యేడు మరమేకుల చుట్లకు దేశమంతటికిని ఒకే కొలతయు, 55 డిగ్రీల కోణమును ఏర్పరచినవాడు నాతడే. నాకు మాత్రము ఆ రెండు పలకల సంగతి ఎక్కడనో విన్నట్లు తోచెను. మా జిల్లాలో ఇద్దరు పండితులు ఒక పద్యపాఠమును గూర్చి ఇరువదియేండ్లు ఏకాభిప్రాయముతో నుండిరి. మూడవవాడు తాళపత్రప్రతి పట్టుకొని వచ్చిననాడు గాని ఒకరి పొంగు ఒకరి గుంటలో ఎంత సుఖముగా ఇమిడియుండెనో బయటపడలేదు.

ఘనము పిమ్మట పొందిక. ఒక పలకలో చదరపు రంధ్రము, దానిలో ఇముడు చదరపు ముక్క. కర్మశాలలో వీనిని మేలు, ఫిమేలు అందురు. నేను వధూవరు లంటిని. జాతకములు చూచుటలో నాకు కొంత ప్రవేశమున్నది గాని, ఇచ్చటి నియమము మరింత కఠినము: వరుని నాలుగు దిక్కుల నెట్లు త్రిప్పి పెట్టినను వధువునందు ఇమడవలెను, ఇమిడినపిమ్మట వెలుతురు కనబడగూడదు. నా వరుడు తూర్పుముఖముగా మాత్రమే ఇమిడెను. మిగిలిన మూడు దిక్కులను ఎక్కడ తగులుచున్నదో తెలియవలెనన్నచో, ముక్కకు నీలిరంగు పూసి, దూర్చి తీసి, రంగు అంటినచోట మాత్రము గీకవలెను. ఆ నీలిరంగు కొట్టులో నిండుకొన్నది. దీపపుమసి, చమురును కలిపి వాడుకొమ్మని మేస్త్రీగారనిరి. ఇంట అట్టి ద్రవ్యము సిద్ధముగా నుండగా మరల చేయుట యెందులకని నేను మా యింటామె కాటుకభరిణె తీసికొనిపోయితిని. కాటుక అత్యద్భుతముగా పనిచేసినది. ఆరు దినములలో వరుడు నాలుగు దిక్కుల ఇమిడెను. ఏడవనాడు, పేరంటమునకు బయలుదేరబోవుచు ఆమె భరిణె తెరచి, అందులోని ఇనుపరజను చూచి, నన్ను పిలిచినది. ఆ సంభాషణము ఈ వ్యాసమునకు అప్రస్తుతము.

అటుపిమ్మట నాకు లేతుమిషను దగ్గరకు పోవుటకు అనుమతి లభించెను. దానికి అచ్చతెలుగున తరిమెన యను చక్కని పేరున్నదనియు, ఏటికొప్పాకలో అంకుడుకర్ర బొమ్మలకు లక్కపట్టువారు దానినే తిప్పుదురనియు, లేతు గీతు అనక ఆ పేరుతోనే పిలువవలెననియు నేను కొట్టులోని కుర్రవానికి ఉపదేశించుచు, “తరిమెన!” అని రెండుమారు లంటిని. వాడు చేతిలోని పని విడిచి, కంగారుగా వీధివైపు చూచి, “నేనెవర్నీ తరమలేదండీ, బాబుగారే వెళ్లిపోయారండీ!” అనెను. బిల్లు చెల్లించక జారుకొన్న ఖాతాదారు డెవడో అప్పుడే వెడలియుండెను. భాషాసేవ అంతటితో విరమించితిని.

తిరుగు మర ముందునకు పంచెతో పోరాదు. మేస్త్రీగారు నా కుచ్చిళ్లు ఊడదీయించి గోచీ బిగింపించి, ఉత్తరీయము తీయించి, పిలకను టోపీక్రింద దూర్పించి, ఆపైన అటునిటు నడిపించి చూచిరి. ఉపనయనమున కూడ ఇంత శ్రద్ధ జరుగలేదు. అటుపైన ఒక్కటే మంత్రము: చక్కు బిగించిన తాళపుచెవిని చక్కులో వదలరాదు. దానిని నేను నూరుమారులు విని, అర్థము గ్రహించి, ఇతరులకు చెప్పి, మూడవనాడు చక్కులోనే వదలి మర నడిపితిని. అది ఒక చుట్టు తిరిగి, నా చెవిప్రక్కగా పోయి, రేకు కప్పును చీల్చుకొని, ఎదుటి చింతచెట్టుమీది కాకులను లేపెను. మేస్త్రీగారు ఇంజను ఆపి, రేకులోని రంధ్రమును చాలసేపు చూచి, “ఏడు నూళ్లుంటుందండి. గుండ్రంగానే పడింది,” అనిరి. ఆయన కోపమునకు అంతకంటె పెద్ద రూపము నేనెన్నడును చూడలేదు.

మర పాడుట మరియొక వింత. పనిముట్టును పట్టునుండి పొడవుగా చాచి, మరను వేగముగా నడిపినచో, ఇనుము మోగును. ఆ మోత జాబుపై చిరు అలలుగా అచ్చుపడును. నేను దానిని ముఖారి యని నిశ్చయించి, తాళము కూడ వేయుచుండగా, మేస్త్రీగారు పరుగున వచ్చి పనిముట్టును లోపలికి జరిపి బిగించి, పటకాను పెద్ద కప్పీకి మార్చి వేగము తగ్గించి, “లేతు పాడకూడదండి, మాష్టారూ,” అనిరి. మెత్తని ఇనుమునకు నిమిషమునకు ఇంచుమించు 90 అడుగుల కోత చాలును. అంగుళపు కడ్డీయైనచో అది 340 చుట్లు. కడ్డీ లావైనకొలది చుట్లు తగ్గింపవలెను. చక్కగా కోయుచున్నపుడు ఇనుము జంతికలవలె చుట్టలు చుట్టలుగా వచ్చును, ఇత్తడి మాత్రము ఇసుకవలె రాలును. ఆ జంతికలను మాత్రము చేతితో తీయరాదు. అవి అప్పుడే మూకుటినుండి దిగినవి, పైగా అంచున కత్తులు.

లేతుపై నా మొదటి కృతి తాపీవారి తూకపుగుండు. మనవారి తూకపుగుండు ఒంటరిది కాదు. దారమునకు పైని ఒక బిళ్ల యుండును. బిళ్లను గోడకు ఆనించి గుండును క్రిందికి వదలినపుడు, గుండు గోడను తాకితాకనట్లుండినచో గోడ నిలువుగానున్నట్లు. కావున బిళ్ల యెంత లావో గుండును అంతే లావుండవలెను. ఆ సాధనమునకు ప్రాణమంతయు ఆ సామ్యమునందే యున్నది. నేను బిళ్లను సరిగా 1½ అంగుళముగా తీసితిని. గుండును కూడ అంతే తీసితిని గాని, దానిపై ముఖారి అచ్చుపడియుండెను. అది పోవుటకు ఒక పొర, నునుపునకు ఒక పొర, అందమునకు ఒక పొర తీసితిని. అప్పుడు మా పెరటి ప్రహరీగోడ కట్టుచుండిరి. తళతళలాడు ఆ ఇత్తడిగుండును నేను తాపీమేస్త్రికి బహూకరింపగా, అతడు దానిని కన్నుల కద్దుకొని, తన పాతగుండు సంచిలో వేసి, సందువైపు నిలిచి, దీనితోనే వరుస వరుసకును చూచుచు కట్టుకొనిపోయెను. గుండు లావు బిళ్లకంటె పావు అంగుళము తక్కువ. అనగా దారమునుండి గోడకు ఒక నూలు తేడా. రెండడుగులకొక నూలు చొప్పున గోడ మా పెరటివైపు తల వంచుచు, ఏడడుగుల యెత్తు చేరుసరికి ఇంచుమించు అర అంగుళము వంగి నిలిచెను. “గుండు కొత్తదండి, మాష్టారుగారు చేసిందండి, తప్పు నా కంటిదే అనుకున్నానండి,” అని తాపీమేస్త్రి వాపోయెను. మా యింటామె మాత్రము, ఇన్నేండ్లకు ఈ యింట తనముందు ఒకరు తల వంచిరని సంతోషించినది.

సుత్తి కథ చిన్నది. మెత్తని ఇనుముతో సుత్తితల చేసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, నీటిలో ముంచినంతమాత్రమున గట్టిపడునని నేను నమ్మితిని. గట్టిపడుటకు ఇనుములో తగినంత బొగ్గుసారము ఉండవలెనట. పాతగునపమో, బండికమ్మియో అయినచో పడియుండెడిది. నా సుత్తి పది దెబ్బలకే పుట్టగొడుగువలె తల విప్పెను. తెలంగాణమున కోనసముద్రపు ఉక్కు పారశీక వర్తకుల చేతిమీదుగా పోయి డమాస్కసు ఖడ్గములకు పదునిచ్చినదని చరిత్రకారులు వ్రాయుదురు. నా యుక్కు మా ప్రక్కనున్న గుండుగొలను దాటలేదు.

మావాడు చివరి పరీక్షకు మిల్లీమీటర్ల చుట్టుగల మర కోయవలసి వచ్చెను. మేస్త్రీగారి లేతు పుట్టుకతో ఇంగ్లీషుది. దాని నడుపుమర అంగుళమునకు నాలుగు చుట్లది. అంగుళమునుండి మిల్లీమీటరు పుట్టించుట ఎట్లా యని మేము తలపట్టుకొనియుండ, ఆయన అటకనుండి ఒక పెద్ద పళ్లచక్రము దింపి, పండ్లు లెక్కపెట్టుడనిరి. 127. 1959లో ఇంగ్లీషు మాటలాడు దేశములు కొన్ని కూడబలుకుకొని అంగుళమనగా సరిగా 25.4 మిల్లీమీటర్లని ఒడంబడినవి. అనగా ఐదంగుళములు 127 మిల్లీమీటర్లు. ఆ సంఖ్య మరి దేనిచేతను భాగింపబడదు గావున, చిన్న చక్రముతో సరిగా పని జరుగదు. రెండు మతములవారిని ఒక పీటపై కూర్చుండబెట్టుటకు 127 పండ్లు కావలెనన్నమాట! ఇంచు తానే మిల్లీమీటరు మాటమీద నిలబడియున్నదని తెలిసిననాడు నాకు దానిపైనున్న భయము సగము తగ్గెను.

మావాడు పరీక్ష నెగ్గెను. 1961లో వచ్చిన అప్రెంటిసుల చట్టము పుణ్యమా యని విశాఖపట్టణమున చోటు దొరికి, మా చెల్లెలు కలలుగన్న జాబు అక్కడనుండి మొదటి నెలలోనే జాబుద్వారమున తెలియవచ్చెను. ఇక నాకు ఆ కొట్టుతో పనిలేదు గదా యని, ఒక ఆదివారమున వైసును, పేరు చెప్పగూడని ఆకురాయిని మూటగట్టుకొని, ఋణము తీర్చుకొనుటకు పోయితిని. మేస్త్రీగారు వానిని చూచి చూడనట్లు, బల్లక్రింద నుండి ఒక ఇనుపదిమ్మను తీసి, గుడ్డతో తుడిచి, నా ముందర పెట్టిరి. ఎత్తి చూచితిని, రెండు కిలోలకు తక్కువ లేదు.

“కొత్త ముక్క కోసి ఉంచానండి, మాష్టారూ. ఈసారి రెండున్నర అంగుళాలండి.”

“చేయవలసినది రెండంగుళములే గదండీ?”

“రెండేనండి,” అని ఆయన వైసు తీసి మరల నా మూటలో పెట్టుచు, “మిగతా అర మీ ఇంచుమించుకండి,” అనిరి.